ఫారిన్ క్యాండీల సంచి ముందు కూర్చున్నా, పాలూ పల్లీ పడని పిల్లాడికి ఇందులో ఏవి ఇవ్వచ్చు?

బుజ్జిగాడి_అమ్మ:
అందరికీ నమస్తే అండి. ఏడాది నుంచి ఇక్కడ చదివి వెళ్ళిపోతుంటాను, రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా బుజ్జిగాడికి ఆరేళ్ళు. పాలు పడవు, పల్లీలు అసలే పడవు, జీడిపప్పు పిస్తా బ్లడ్ టెస్టులో పాజిటివ్ వచ్చాయి కానీ వాడు ఎప్పుడూ తినలేదు, డాక్టర్ గారు వాటి జోలికి కూడా వెళ్ళొద్దన్నారు. మూడేళ్ళప్పుడు ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, పిల్లికూతలు, హాస్పిటల్‌కి పరిగెత్తాం, అప్పట్నుంచి ఇంజెక్షన్ పెన్నులు రెండూ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటాయి.

ఇప్పుడు సంగతేంటంటే మా ఆడపడుచు నాలుగు దేశాలు తిరిగొచ్చి ఒక సంచెడు క్యాండీలు తెచ్చింది. ప్రేమగానే తెచ్చింది పాపం, "పల్లీ బొమ్మ లేనివే ఏరి ఏరి తెచ్చా వదినా" అంది. టేబుల్ మీద బోర్లిస్తే ఏడు రకాలు తేలాయి. అమెరికావి రెండు, ఒకటి చప్పరించే పళ్ళ క్యాండీ, ఇంకోటి నమిలేది. జర్మన్ గమ్మీలు, జపనీస్ ఒకటి, టర్కీది ఒకటి. ఒక డార్క్ చాక్లెట్ బార్, దాని ఇంగ్రీడియెంట్స్‌లో పాలు అని లేదు. చివరిది పెద్ద ప్యాకెట్ చింపి సంచిలో కలిపేసిన చిన్న చిన్న చాక్లెట్లు, రేపర్ మీద పేరు తప్ప ఒక్క ముక్క లేదు.

ఫోన్ కెమెరాలో ట్రాన్స్‌లేషన్ పెట్టి జపనీస్ ప్యాకెట్ చూస్తే "రొమ్ము భాగం" అని వచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వాడేమో టేబుల్ చుట్టూ తిరుగుతూ "ఇది సేఫా అమ్మా, మరి ఇదీ?" అని అడుగుతున్నాడు. ముట్టుకోడు, అడుగుతాడంతే, నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది. దయచేసి సేఫ్ బ్రాండ్ల పేర్లు చెప్పండి చాలు, రాసుకుని ఇకమీదట అవే కొనుక్కుంటాను.

రెండోసారి_చదువు:
రండి అండి. మా పాపకి పదకొండేళ్ళు, పాలు గుడ్డు నువ్వులు మూడూ పడవు, అంటే ఈ డ్యూటీలో నాకు పదేళ్ళ సర్వీసు ఉంది :)

ముందు రేపర్ మీద ఏమీ లేని ఆ చిన్నవాటిని పక్కన పెట్టేయండి, వాటి గురించి ఆలోచించే పనే లేదు. ఇంగ్రీడియెంట్స్ పెద్ద ప్యాకెట్ మీద ఉంటాయి, లోపలివి విడిగా అమ్మడానికి కాదు కాబట్టి వాటి మీద వెయ్యరు. పోనీ అదే పేరున్న పెద్ద బార్ లేబుల్ నెట్‌లో చూద్దాం అనుకుంటారేమో, అదీ వద్దు, చిన్న సైజుది వేరే లైన్‌లో, ఒక్కోసారి వేరే ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. పండగలకి వచ్చే కుందేలు బొమ్మలు, గుండె బొమ్మలూ అంతే. రుచి ఒకటే, పుట్టిల్లు వేరు.

"రొమ్ము భాగం" అంటే పాలే. వాళ్ళ లిపిలో రెంటికీ ఒకటే అక్షరం, ఫోన్ దానికి తోచింది చెప్పింది. ఆ అక్షరం ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి, ఇకముందు ట్రాన్స్‌లేషన్ కంటే ముందు మీ కన్నే పట్టేస్తుంది. సో జపనీస్‌ది కూడా అవుట్. జపాన్‌లో కచ్చితంగా రాయాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, పల్లీ, రొయ్య, పీత, 2023లో వాల్‌నట్ కలిపారు. జీడిపప్పు అప్పటికి "రాస్తే మంచిది" అనే రెండో లిస్టులోనే ఉంది, అంటే మీవాడి జీడిపప్పు విషయంలో ఆ లేబుల్ మౌనంగా ఉంటే లేదని అర్థం చేసుకోకూడదు.

పేర్ల లిస్టు అడిగారు కదా. నేనూ మొదట్లో నోటుబుక్ నిండా పేర్లు రాశాను. రెండేళ్ళకి చించేశాను. ఎందుకో మిగతావాళ్ళు కూడా చెప్తారు చూడండి.

గోధుమ_లేని_ఇల్లు:
ఎందుకో నేను చెప్తా అక్కా. స్మార్టీస్ అనే పేరు తీస్కోండి. అమెరికాలో ఆ పేరుతో దొరికేది డెక్స్‌ట్రోజ్‌తో ఒత్తిన పుల్లపుల్లటి పంచదార బిళ్ళ, పాలతో పని లేదు. యూరప్‌లో, కెనడాలో అదే పేరుతో నెస్లే అమ్మేది రంగు పెంకు వేసిన మిల్క్ చాక్లెట్ బిళ్ళ. అమెరికా బిళ్ళ కెనడా వెళ్తే రాకెట్స్ అని పేరు మార్చుకుంటుంది. ఇప్పుడు నేను ఇక్కడ "స్మార్టీస్ సేఫ్ అండి" అని రాసి పడేస్తే, వేరే దేశంలో కూర్చుని చదివిన తల్లి ఏం కొంటుంది చెప్పండి.

మా ఇంట్లో గోధుమ గొడవ. సాగే లికోరిస్ క్యాండీ తాళ్ళు చూడ్డానికి రబ్బరులా ఉంటాయి కదా, వాటిలో గోధుమపిండి ఉంటుందని మాకు తెలిసేసరికి పిల్ల సగం తాడు నమిలేసింది. ఇంకోటి, అమెరికా లేబుల్‌లో కింద "కంటెయిన్స్" అని వేసే లైన్‌లో గోధుమ వస్తుంది కానీ బార్లీ రాదు, వాళ్ళ లిస్టులో బార్లీ లేదు. క్రిస్పీగా ఉండే చాక్లెట్లలో బార్లీ మాల్ట్ తరచుగా వేస్తారు. అందుకే ఆ ఒక్క లైన్ చూసి ఆపేయకుండా పైనున్న చీమల బారు అంతా చదవాల్సిందే.

తాతగారు_ఆన్‌లైన్:
అమ్మా, తప్పుగా అనుకోకు. మా చిన్నప్పుడు ఎవరికీ ఈ ఎలర్జీలు లేవు. ఏది పడితే అది తిన్నాం, అరిగించుకున్నాం. మరీ ఇంత భయపెట్టి పెంచితే పిల్లాడు బెంగటిల్లిపోతాడేమో. ఒకటి పెట్టి చూడరాదూ, అలవాటవుతుంది.

పిల్లల_వార్డు_నర్సు:
తాతగారూ నమస్కారం. మీ మాటలో ప్రేమ ఉందని తెలుసు కాబట్టి కోపం లేకుండానే చెప్తున్నా. ఈ పిల్లాడికి మూడేళ్ళప్పుడు వచ్చింది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రియాక్షన్ లాగే ఉంది, దద్దుర్లు వాంతులు పిల్లికూతలు ఒకేసారి వచ్చాయి. ఇది అరుగుదల సంగతి కాదండి, రోగనిరోధక వ్యవస్థ పల్లీలోని ప్రొటీన్‌ని శత్రువు అనుకుని విరుచుకుపడటం. పోయినసారి దద్దుర్లతో పోయింది కదా ఈసారీ అంతే అనుకోడానికి లేదు. అలవాటు చెయ్యడం అనేది ఉంది, నిజమే, కానీ అది స్పెషలిస్టు డాక్టర్ ముందు, కొలిచిన డోసుతో, పక్కన మందులు పెట్టుకుని చేసేది. డైనింగ్ టేబుల్ మీద ఆడపడుచు తెచ్చిన చాక్లెట్‌తో చేసేది కాదు.

షిఫ్ట్_సూపర్‌వైజర్:
నేను క్యాండీ ఫ్యాక్టరీల పన్నెండేండ్లు పనిచేసిన, ఇప్పుడు మానేసిన, ఏ కంపెనీ అని అడగొద్దు. ఆ డార్క్ చాక్లెట్ బార్ గురించి చెప్త, ఎందుకంటే ఈ సంగతి బయటోళ్ళకు తెల్వది.

మనింట్ల గిన్నె కడిగినట్టు చాక్లెట్ పైపుల్ని నీళ్ళు పెట్టి కడగరు. చాక్లెట్ల నీటిచుక్క పడితే అది ముద్దగట్టి పాడైతది, పైన తడి మిగిలితే సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఒకటి. అందుకే మిల్క్ చాక్లెట్ నడిపినంక డార్క్ నడపాలంటే ఏం చేస్తరు, డార్క్ చాక్లెట్‌నే పైపులల్ల తోలుతరు, ముందుగాల వచ్చిందాన్ని పక్కకు తీస్తరు. ఎంత తోలినా పంపు కాడ, వాల్వ్ కాడ, పైపు వంకర తిరిగిన కాడ పాత మిల్క్ చాక్లెట్ అంటుకోనే ఉంటది. అది ఊకె ఉండదు, కొంచెం కొంచెం ఊడి బార్లల్లకు వస్తది. ఒక బార్ల ఏం ఉండది, పక్క బార్ల మస్తు ఉంటది, రెండూ ఒక డబ్బాలయే. అందుకే "పోయినసారి తిన్నడు ఏం కాలే" అన్న మాట నేను నమ్మ.

ఇంకొకటి రీవర్క్ అంటరు. విరిగినవి, అచ్చు సరిగ్గ రానివి పారేయరు, కరగబెట్టి మళ్ళ కలుపుతరు. పద్ధతున్న కంపెనీల ఏది దేంట్ల కలపాల్నో రాసిపెట్టుకుంటరు. పద్ధతి లేని కాడ దేవుడే దిక్కు.

రెండోసారి_చదువు:
అన్న చెప్పినదానికి లెక్క కూడా ఉంది. అమెరికాలో ఆహారం, మందుల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు 100 డార్క్ చాక్లెట్ బార్లు పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు. ఇంగ్రీడియెంట్స్‌లో పాలు అని రాసుకున్నవి ఆరే ఆరు. మిగతా 94లో నిజంగా పాలు లేనివి 33. అంటే 61 బార్లలో ఇంగ్రీడియెంట్స్‌లో లేని పాలు దొరికాయి. పాలు పడని పిల్లలకి డార్క్ చాక్లెట్ ఇవ్వచ్చు అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు నెలకోసారి పెడుతుంటారు, నేను నెలకోసారి ఈ లెక్క పెడుతుంటాను, వాళ్ళూ మానరు నేనూ మానను.

బుజ్జిగాడి_అమ్మ:
అయ్యో. నేను నిన్న రాత్రి ఆ ఒక్కటే సేఫ్ అనుకుని ఫ్రిజ్‌లో వాడి అరలో పెట్టాను. ఇప్పుడే తీసేశాను. చేతులు వణికాయి నిజంగా.

కొత్తనాన్న_24:
నాకు ఒక డౌట్. బార్‌కోడ్ మొదటి మూడు నంబర్లు చూస్తే ఏ దేశంలో తయారైందో తెలుస్తుంది అంటారు కదా, మంచి రూల్స్ ఉన్న దేశం నంబర్ చూసి కొనేస్తే పోలా? ఇంకో డౌట్ కూడా, మరీ అంత అనుమానంగా ఉంటే పిల్లాడి పెదవికి కొంచెం రాసి పది నిమిషాలు చూసి ఎర్రబడకపోతే ఇచ్చేయొచ్చు కదా, మా పాపకి అలాగే చేస్తున్నాం.

షిఫ్ట్_సూపర్‌వైజర్:
బార్‌కోడ్ నంబర్ అంటే ఆ కంపెనీ ఏ దేశంల నంబర్ రిజిస్టర్ చేసుకుందో చెప్తది తమ్మీ, సరుకు ఎక్కడ తయారైందో చెప్పది. ఒక దేశం నంబర్ మీద ఇంకో దేశంల తయారైన సరుకు దర్జాగ వస్తది. "మేడ్ ఇన్" అని, లేకుంటే ఫ్యాక్టరీ అడ్రస్ అని సన్నగ రాసి ఉంటది, అది చూడాలె.

పిల్లల_వార్డు_నర్సు:
కొత్తనాన్న గారూ, పెదవికి రాసి చూడ్డం దయచేసి ఈరోజుతో ఆపేయండి. పెదవి ఎర్రబడలేదంటే తింటే ఏమీ కాదని కాదు, ఎర్రబడిందంటే మీరు ఇంట్లో కూర్చుని రియాక్షన్ తెప్పించారన్నమాట. పైగా సూపర్‌వైజర్ గారు చెప్పారుగా, ఈ బార్ మూల వేరు ఆ మూల వేరు, మీరు రాసింది శుభ్రమైన మూల అయితే?

ఎలాగూ వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. కొత్త క్యాండీ, లేబుల్ మూడుసార్లు చదివి ఓకే అనుకున్నది కూడా, రాత్రి పడుకోబోయే ముందు ఇవ్వొద్దు, ప్రయాణంలో ఇవ్వొద్దు, జ్వరంగా ఉన్నప్పుడు, ఆస్తమా రేగి ఉన్నప్పుడు ఇవ్వొద్దు. పగలు, ఇంట్లో, పెన్ను చేతికందేలా పెట్టుకుని ఇవ్వండి. తేడా వస్తే, గొంతు మారడం, ఆగకుండా దగ్గు, ఊపిరి కష్టం, మళ్ళీమళ్ళీ వాంతులు, మగతగా అయిపోవడం, ముందు ఎపినెఫ్రిన్ పెన్ను తొడ బయటి పక్కన, బట్టల మీంచి అయినా పర్లేదు, పొడిచేయండి, తర్వాతే అంబులెన్స్‌కి ఫోన్. చాలామంది ముందు ఎలర్జీ సిరప్ పోసి చూస్తారు, అది దురద తగ్గిస్తుంది అంతే, అనాఫిలాక్సిస్‌ని ఆపదు, ఆ సిరప్ పనిచేస్తుందేమో అని చూస్తూ కూర్చున్న ఇరవై నిమిషాలే మాకు హాస్పిటల్‌లో తల నొప్పి. పిల్లాణ్ణి నిలబెట్టొద్దు, నడిపించొద్దు, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. ఐదు నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే రెండో పెన్ను. తగ్గినా సరే హాస్పిటల్‌కి రావాల్సిందే, కొన్ని గంటలకి మళ్ళీ తిరగబెట్టొచ్చు. మీ డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ఉంటే అదే ఫాలో అవ్వండి, నేను చెప్పింది దానికి బదులు కాదు. పెన్ను కారులో ఎండకి వదలొద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు.

కొత్తనాన్న_24:
సారీ మేడమ్. నిజంగా తెలీదు. మా అమ్మగారు చెప్తే చేస్తున్నాం. ఆపేస్తాం.

సూట్‌కేస్_పిన్ని:
నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతా, తిట్టకండి. క్యాండీలు మోసుకొచ్చే పిన్నిని నేనే. మొదటిసారి నేను తెచ్చిన డబ్బా మా అక్క మూత కూడా తియ్యకుండా పైఅరలో పెట్టేస్తే నాకు ఎంత కోపమొచ్చిందో, అంత దూరం నుంచి మోసుకొస్తే ఇదా మర్యాద అని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అక్క నన్ను కూర్చోబెట్టి ఒక్క ప్యాకెట్ చదవమంది. కళ్ళజోడు పెట్టుకుని మొదలెట్టా, పదిహేను నిమిషాలు పట్టింది, చివరికి "పాలు లేవు" అని గర్వంగా చెప్పా. "వే అంటే ఏంటి పిన్నమ్మగారూ" అంది వెక్కిరింపుగా. పాలు విరగ్గొడితే మిగిలే తేట నీళ్ళట. కేసిన్, కేసినేట్, లాక్టోజ్, అన్నీ పాల ఇంటిపేర్లేనట.

అప్పట్నుంచి నేను షాపులోనుంచే వీడియో కాల్ చేస్తా. ప్యాకెట్ ముందు భాగం చూపించను, నేరుగా వెనక్కి తిప్పి చూపిస్తా. మీ ఆడపడుచుకి చెప్పండమ్మా, బరువు తగ్గుతుందని డబ్బాలు చింపి ఒకే సంచిలో పొయ్యొద్దని. మీ సంచిలో ఆ పేరులేని చాక్లెట్లు ఒకటి పగిలితే మిగతావాటి రేపర్లకి కూడా అంటుతుంది. గరిటెతో తోడుకునే విడి క్యాండీల షాపు అయితే గుమ్మం కూడా ఎక్కొద్దు, పల్లీ డబ్బాలో గరిటె గమ్మీ డబ్బాలో ఎవడు పెట్టాడో ఎవడు చూస్తాడు.

బుజ్జిగాడి_అమ్మ:
పిన్నిగారూ మీ పోస్ట్ మా ఆడపడుచుకి పంపాను. ముందు ముభావంగా ఉంది, సాయంత్రం తనే వచ్చి "ఆ టర్కీ దాని మీద ఏం రాసుందో ఆ భాష వచ్చినవాడితో అడిగిస్తా" అంది. అడిగించింది. ఫిందిక్ అంటే హేజెల్‌నట్ అట, దాని ఆనవాళ్ళు ఉండొచ్చు అని ఉందట. ఫిస్తిక్ అని కూడా ఉంది, అది పల్లీనా పిస్తానా అని అతనికే అనుమానం వచ్చింది.

రెండోసారి_చదువు:
అనుమానం సబబే అండి. టర్కీ వాళ్ళకి రెండూ ఫిస్తిక్‌లే, ముందు యెర్ అని ఉంటే పల్లీ, ఆంతెప్ అని ఉంటే పిస్తా, ఉత్త ఫిస్తిక్ అంటే ఏదైనా కావచ్చు. మనం మాత్రం తక్కువ తిన్నామా, పల్లీ, వేరుశనగ, శనక్కాయ, బుడ్డలు, ఊరు మారితే పేరు మారుతుంది. స్పెయిన్ స్పానిష్‌లో కకావెతె, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మనీ. ఫ్రెంచ్‌లో అరాషీద్. ఇంగ్లీషులోనే నూనె రూపంలో ఉంటే అరాకిస్ ఆయిల్ అని రాస్తారు, చూసినవాడెవడూ పల్లీ నూనె అనుకోడు. జర్మన్‌లో ఎర్ట్‌నుస్. మీ జర్మన్ గమ్మీల మీద "కాన్ ష్పూరెన్" అని మొదలయ్యే లైన్ ఉందేమో చూడండి, అది ఆనవాళ్ళు ఉండొచ్చు అనే హెచ్చరిక.

యూరప్ లేబుల్ ఒక రకంగా మనకి సుఖం, 2014 డిసెంబర్ నుంచి 14 ఎలర్జీ పదార్థాలు ఇంగ్రీడియెంట్స్‌లోనే బోల్డ్‌గానో వేరేగా కనబడేట్టుగానో వెయ్యాలి, భాష రాకపోయినా కన్ను అక్కడ ఆగుతుంది. అమెరికాలో తొమ్మిది, నువ్వులు 2023 జనవరి నుంచి కలిపారు, అంతకుముందు మా పాప కోసం "నాచురల్ ఫ్లేవర్" అన్న ప్రతి దానికీ కంపెనీకి మెయిల్ కొట్టేదాన్ని. లూపిన్ అని ఒక గింజ పిండి ఉంటుంది, పల్లీ పడని కొందరికి అదీ పడదు, యూరప్ లిస్టులో ఉంది, అమెరికా లిస్టులో లేదు. వేఫర్, బిస్కెట్ ఉన్న క్యాండీ అయితే ఆ పేరు కూడా వెతకండి.

బోల్డ్ అక్షరాలు ఇంగ్రీడియెంట్‌గా వేసినవాటికే అండి. "ఉండొచ్చు" అనే హెచ్చరిక యూరప్‌లో అయినా అమెరికాలో అయినా కంపెనీ ఇష్టం, చట్టం అడగదు. ఉంటే వదిలేయండి. లేకపోతే? లేకపోతే ఏమీ తెలీనట్టే. "ఉండొచ్చు", "అదే ఫ్యాక్టరీలో", "అదే మెషీన్ మీద", ఈ మూడు మాటల్లో ఒకటి తక్కువ ప్రమాదం ఒకటి ఎక్కువ ప్రమాదం అని మనకి మనం మెట్లు కట్టుకోకూడదు, వాటికి చట్టంలో ఏ కొలతా లేదు.

బుజ్జిగాడి_అమ్మ:
ఉంది అండి. ఆ లైన్ ఉంది, చివర్లో మిల్ష్ అని కూడా ఉంది. గమ్మీలో పాలెందుకొస్తాయి అసలు?

షిఫ్ట్_సూపర్‌వైజర్:
గమ్మీ ఎట్ల చేస్తరో చెప్తే నీకే తెలుస్తది చెల్లె. పెద్ద ట్రేల నిండ మొక్కజొన్న స్టార్చ్ పోసి, పైన అచ్చు ఒత్తితే గుంటలు పడతయి, ఎలుగుబంటి కావాలంటే ఎలుగుబంటి గుంట. వేడి పాకం ఆ గుంటలల్ల పోసి ఆరబెడతరు. ఆరినంక ట్రే బోర్లిస్తే గమ్మీ ఒక దిక్కు స్టార్చ్ ఒక దిక్కు. ఆ స్టార్చ్‌ని జల్లెడ పట్టి, ఎండబెట్టి, మళ్ళ గదే ట్రేలల్ల పోస్తరు. దినాలకు దినాలు గదే తిరుగుతది. పొద్దున పెరుగు ఫ్లేవర్ గమ్మీ పోసిన్రనుకో, పొద్దుమీకి పోసే పండ్ల గమ్మీకి ఆ పొడి అంటకుంట ఉంటదా? మార్ష్‌మెల్లో గూడ ఇట్లనే పోస్తరు, కొన్నిట్ల గుడ్డు తెల్లసొన ఉంటది.

చప్పరించే గట్టి క్యాండీ నయం. పంచదార పాకం గట్టిగ ఉడకబెట్టి అచ్చుల పోసుడే. ఆ లైన్ల బట్టర్ టాఫీ నడవకుంటే చాలు. అదొక్కటి కంపెనీని అడగాలె.

గోధుమ_లేని_ఇల్లు:
అడిగేటప్పుడు "మీ క్యాండీ సేఫా" అని అడక్కండి, "లేబుల్ చూసుకోండి" అని తిరుగు టపా వస్తుంది, నాకు అలాంటివి ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి. ప్యాకెట్ మీది లాట్ నంబర్, ఎక్స్‌పైరీ, ఎక్కడ తయారైంది, మూడూ రాసి, ఈ లైన్ మీద పాలు, పల్లీ, నట్స్ ఉన్న వేరే సరుకు నడుపుతారా, మధ్యలో ఎలా క్లీన్ చేస్తారు, క్లీన్ చేశాక టెస్ట్ చేస్తారా అని అడగండి. జవాబు రాకపోవడం కూడా జవాబే.

వీగన్ గుర్తు చూసి మోసపోవద్దు, పాలు వెయ్యలేదని చెప్తుందే కానీ లైన్ మీద పాలు లేవని చెప్పదు. అమెరికాలో "నాన్ డెయిరీ" అని రాసి కింద కేసినేట్ ఉన్నవి కూడా చూశా. యూదుల ఆహార నియమాలకి సరిపోతుందని వేసే కోషర్ గుర్తు పక్కన డి అక్షరం ఉంటే మాత్రం మనకి ఫ్రీ సమాచారం, పాలు ఉన్నాయనో పాల మెషీన్ మీద చేశారనో అర్థం, వెంటనే కింద పెట్టేయొచ్చు. డి లేకపోతే సేఫ్ అని మాత్రం కాదు, అది మతం లెక్క, ఎలర్జీ లెక్క కాదు. దిగుమతి వాళ్ళు అంటించే తెల్ల స్టిక్కర్ కూడా గోకి కింద ఒరిజినల్‌లో ఏముందో చూడండి, ఒకసారి మాకు స్టిక్కర్ మీద ఏడు ఇంగ్రీడియెంట్లు, దాని కింద తొమ్మిది తేలాయి.

మోడరేటర్:
రెండు పోస్టులు తీసేశాను, ఒకటి "సేఫ్ చాక్లెట్లు" అని అమ్మకానికి పెట్టినది, ఒకటి పల్లీ ఎలర్జీని వారంలో తగ్గించే పొడి. మళ్ళీ పెడితే అకౌంట్ పోతుంది. చర్చ కొనసాగించండి.

బుజ్జిగాడి_అమ్మ:
అప్‌డేట్ ఇస్తున్నా, పది రోజులైంది. పేరులేని చిన్నవి, జపనీస్, జర్మన్, టర్కీ, డార్క్ చాక్లెట్ అన్నీ మా ఆడపడుచే పట్టుకెళ్ళి ఆఫీసులో పంచేసింది. మిగిలినవి అమెరికావి రెండు, వాటికి గోధుమ గారు చెప్పినట్టే మెయిల్ పెట్టా. నమిలేదాని కంపెనీ "లేబుల్ చూసుకోండి" అని తిరుగు టపా పంపింది :( చప్పరించేదాని వాళ్ళు నాలుగు రోజులకి వివరంగా రాశారు, ఆ ఫ్యాక్టరీలోకి పాలు, పల్లీ, నట్స్ ఏవీ రానివ్వరట, లాట్ నంబర్ చూసి అక్కడిదే అని చెప్పారు, కానీ పండగల డబ్బాల్లో వచ్చే అదే క్యాండీ వేరే చోట ప్యాక్ అవుతుంది దానికి ఈ మాట వర్తించదు అని కూడా వాళ్ళే రాశారు. ఆ మెయిల్ డాక్టర్ గారికి చూపించా, సరే అన్నారు.

నిన్న ఆదివారం పొద్దున పదకొండింటికి ఇచ్చాను. పెన్ను టేబుల్ మీద, మావారు పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ వాడినే చూస్తున్నారు. వాడు రేపర్ విప్పే ముందు వెనక్కి తిప్పాడు, చదవడం ఇంకా పూర్తిగా రాదు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ "అమ్మా ఇందులో మిల్క్ ఎం లేదు కదా" అని అడిగాడు. లేదు నాన్నా అన్నా. నాలుక పచ్చగా అయింది, అద్దంలో పదిసార్లు చూసుకున్నాడు. ఏమీ కాలేదు. రేపర్ పారేయనివ్వలేదు, పుస్తకంలో పెట్టుకున్నాడు.

తాతగారు_ఆన్‌లైన్:
నేను ఈ చర్చ మొత్తం మా కోడలి చేత చదివించుకున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మా మనవరాలికి గుడ్డు పడదని, ఆ సంగతి ఇంతకాలం నాకు చెబితే కొట్టిపారేస్తానని చెప్పలేదని ఇప్పుడు తెలిసింది. సన్న అక్షరాలు చదివే పని నాకు అప్పగించమన్నాను. భూతద్దం ఉంది నా దగ్గర. మార్ష్‌మెల్లోలో గుడ్డు సంగతి షిఫ్ట్ బాబు చెప్పాడు. అల్బుమిన్ అంటే కూడా గుడ్డేనా?

రెండోసారి_చదువు:
తెల్లసొనే తాతగారూ. లైసోజైమ్ అని ఉన్నా గుడ్డుదే, యూరప్ ప్యాకెట్ల మీద ఇ 1105 అని నంబరుగా కూడా రావచ్చు. నూగట్, టొరోనె అనే మిఠాయి పేర్లు కనబడితే భూతద్దం కూడా అక్కర్లేదు, వాటిలో సాధారణంగా తెల్లసొన, చాలావాటిలో బాదమో వేరే నట్సో ఉంటాయి.

కొత్తగా_చేరిన_అమ్మ:
హాయ్ అండి, మా బాబుకి కూడా పాలు పల్లీ రెండూ పడవు, సేమ్ కేస్. అంతా చదివే ఓపిక లేదు సారీ. బుజ్జిగాడి అమ్మ గారూ, మీ బాబుకి పడిన ఆ పచ్చ క్యాండీ బ్రాండ్ పేరు చెప్పండి ప్లీజ్, ఈరోజే ఆర్డర్ పెట్టేస్తాను.

బుజ్జిగాడి_అమ్మ:
నేనూ పది రోజుల క్రితం ఇదే అడిగానండి, మీ తొందర నాకు తెలుసు. పేరు దాచుకోడానికి కాదు కానీ చెప్పను, మీకు ఆర్డర్‌లో వచ్చేది నా దగ్గర ఉన్న ప్యాకెట్ కాదు. మీ దగ్గర ఇప్పుడు ఏ క్యాండీ ఉంటే దాన్ని వెనక్కి తిప్పి ఫొటో పెట్టండి, తయారైన చోటు, లాట్ నంబర్ కనబడాలి, స్టిక్కర్ ఉంటే గోకేసి తియ్యండి. రాత్రి వాడు పడుకున్నాక కూర్చుని చదువుతాను.